జల్లెడతో గోడ కట్టలేము

చాలాకాలం తరువాత ఈ గూటి దుమ్ము దులిపి మళ్ళీ వ్రాయడానికి కూర్చున్నాను. వచ్చీరాగానే పోట్లాటకు దిగడం మర్యాద కాదని తెలుసు. అయినా ఈ టపా పోట్లాట కోసమే వ్రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పడం న్యాయం. వైఫై పెట్టెలు, వీలాన్లు, వడపోతలు వంటి శుష్కవిషయాలు మనకెందుకని పెదవి విరిచేవారు కూడా దయచేసి సగం దాకా చదవండి. ఆ సగంలోగానే మన ప్రస్తావన వస్తుంది.

కొన్ని నెలల క్రితం ఒక కళాశాల విద్యార్థిని నాకు ఉత్తరం వ్రాసింది. ఎం.ఏ. తెలుగు చదువుతున్నది. "సార్, మీ పాత వ్యాసాలు మా గ్రంథాలయంలో తెరుచుకోవడం లేదు, వాటి ప్రతులు పంపగలరా?" అని అడిగింది. పంపాను. పంపి ఊరుకుంటే సరిపోయేది. ఆ ఊరు వెళ్ళే పని పడినప్పుడు, అక్కడ పనిచేసే పాత మిత్రుని వెంట ఆ గ్రంథాలయానికి కూడా వెళ్ళాను. (కళాశాల పేరు, ఊరి పేరు చెప్పను. చెప్పినందువలన ఆ అమ్మాయికి ఇబ్బంది తప్ప ఎవరికీ లాభం లేదు.) నా గూటి చిరునామా కొట్టి చూశాను. ఎర్రని తెర ఒకటి వచ్చింది. ఈ పుట నిషిద్ధం, వర్గం: వ్యక్తిగత పుటలు, అని దాని సారాంశం. నాది మాత్రమే కాదు. మనలో నాకు గుర్తున్న పది పదిహేను మంది గూళ్ళ చిరునామాలు వరుసగా కొట్టాను. అన్నింటికీ అదే ఎర్రతెర. తెలుగు శాఖ ఉన్న కళాశాలలో, ఆ శాఖ కిటికీలోంచి కనిపించే గ్రంథాలయంలో, తెలుగులో వ్రాసినవి నిషిద్ధం.

నెట్‌వర్కు చూసుకునే కుర్రవాడు మంచివాడు, వినయస్థుడు. "మా దగ్గర సెక్యూరిటీ చాలా స్ట్రిక్టండీ. మేనేజ్‌మెంటు వారి ఆర్డరు. బ్లాగులు, వీడియోలు, ఛాటింగులు అన్నీ బ్లాక్ చేసేశాం" అన్నాడు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉన్నది. గోడ మీద కాగితంపై వైఫై సంకేతపదం అంటించి ఉన్నది. విద్యార్థులకూ అధ్యాపకులకూ ఆఫీసుకూ అతిథులకూ అదొక్కటే. నా ఫోనుకు వచ్చిన ఐపీ చిరునామా చూశాను. 192.168.1 తో మొదలయ్యే మామూలు వరుస. అతని అనుమతి అడిగి, అతను పక్కన నిలబడి చూస్తూండగానే, అదే వరుసలో ఏమేమి పెట్టెలు ఉన్నాయో వెదికాను. ఫీజుల లెక్కలు ఉండే కంప్యూటరు కనిపించింది. ప్రిన్సిపాల్ గారి గది ప్రింటరు కనిపించింది. సీసీ కెమెరాల రికార్డరు లాగిన్ పుట కూడా తెరుచుకున్నది. "దీని పాస్‌వర్డు మార్చారా?" అని అడిగాను. అతను సందేహిస్తూ, కర్మాగారంలో పెట్టి పంపే పదాన్నే తానే టైపు చేశాడు. తెర మీద పదహారు చిన్న గళ్ళు వెలిగాయి. అందులో ఒకటి ఆడపిల్లల హాస్టలు వసారా.

అతని ముఖం పాలిపోయింది. నాకు కూడా కాసేపు మాట రాలేదు.

ఆ గ్రంథాలయంలో కూర్చున్న ఎవరైనా తెలుగు వ్యాసం చదవలేరు. హాస్టలు వసారాలో ఎవరు వచ్చారో ఎవరు పోయారో మాత్రం నిక్షేపంగా చూడగలరు. దీనికి ఆ సంస్థ పెట్టుకున్న పేరు భద్రత. నా పోట్లాట ఆ కుర్రవానితో కాదు, ఆ పేరుతో.

రెండు వేర్వేరు పనులను మనవాళ్ళు ఒకే మాటతో పిలుస్తున్నారు. మనిషి ఏమి చదువుతున్నాడో చూసి అడ్డుకోవడం ఒకటి. ఏ యంత్రం ఏ యంత్రాన్ని తాకవచ్చునో నిర్ణయించడం రెండవది. రెండింటినీ వడపోత అనే అంటున్నారు. మొదటిది పెత్తనం, రెండవది రక్షణ. మొదటిదానికి డబ్బు పోసి పెట్టె కొంటే సరిపోతుంది, రెండవదానికి కూర్చుని ఆలోచించాలి. అందువలన మొదటిది చేసి రెండవది చేశామని చెప్పుకోవడం అలవాటయింది.

రెండవ పనికి మూలమైన పనిముట్టు వీలాన్. (దీనికి తెలుగు మాట చేద్దామని ఒకప్పుడు తెగ తంటాలు పడ్డాను. "మిథ్యాస్థానికజాలం" అన్నది తేలింది. వేదాంతగ్రంథం పేరులా ఉన్నదని నేనే వదులుకున్నాను.) మన పాత ఇళ్ళు గుర్తు తెచ్చుకోండి. వీధి అరుగు మీద దారిన పోయేవాడు కూడా కూర్చోవచ్చు, మంచినీళ్ళు అడగవచ్చు. సావిడిలోకి తెలిసినవారు వస్తారు. వంటింట్లోకి ఇంటివారే. పెరటి గుమ్మం పాలేరుకు. అరుగు మీద కూర్చున్నవాడు ఏ పత్రిక చదువుతున్నాడని ఇంటి యజమాని తొంగి చూడడు. ఆ అవసరం కూడా లేదు, అరుగుకూ వంటింటికీ మధ్య గోడ ఉన్నది కనుక. మన కళాశాలలో కట్టినది గోడలే లేని ఒకే పెద్ద హాలు. ఆ హాలు గుమ్మంలో ఒక మనిషిని నిలబెట్టి, వచ్చేవారి చేతిలోని పుస్తకాలు లాక్కోమన్నారు.

పనితీరు పెద్ద రహస్యమేమీ కాదు. 802.1క్యూ అనే ప్రమాణం 1998లో వెలువడింది. ఈథర్నెట్ ప్యాకెట్‌లో పంపినవారి చిరునామాకు వెనుకగా నాలుగు బైట్ల చీటీ ఒకటి దూర్చుతారు. అందులో 12 బిట్లు గది సంఖ్యకు. పన్నెండు బిట్లంటే 4096 సంఖ్యలు. మొదటిదీ చివరిదీ వాడకూడదు కనుక 4094 గదులు. ఒకే తీగ మీద, ఒకే స్విచ్‌లో అన్ని ప్రత్యేక నెట్‌వర్కులు నడపవచ్చు. ఒక గదిలో వేసిన కేక ఇంకొక గదికి వినపడదు. గది దాటాలంటే రౌటరు గుమ్మం గుండా పోవలసిందే. ఆ గుమ్మంలో నిలబడేదే అసలైన వడపోత.

వైఫైకి వచ్చేసరికి చిన్న మెలిక ఉన్నది. సాధారణంగా ఈ చీటీ గాలిలో ప్రయాణం చేయదు. ఫోనుకు దాని సంగతే తెలియదు. మనం ఏ వైఫై పేరుకు కలిశామో చూసి, తీగ మీదికి పంపేటప్పుడు యాక్సెస్ పాయింటే చీటీ అంటిస్తుంది. అంటే ఒకే పెట్టె గాలిలో నాలుగు పేర్లతో కనపడుతుంది. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క సంకేతపదం, ఒక్కొక్క గది సంఖ్య. పెట్టె నుంచి స్విచ్‌కు పోయే తీగను ట్రంకు అంటారు. అన్ని గదుల చీటీలూ అందులోనే పోతాయి. పేర్లు మరీ ఎక్కువ పెట్టడం మాత్రం మంచిది కాదు. ప్రతి పేరూ సెకనుకు సుమారు పదిసార్లు "నేనున్నాను, నేనున్నాను" అని నెమ్మదైన వేగంలో గాలిలో చాటుకుంటుంది. ఎనిమిది పది పేర్లు పెడితే ఆ చాటింపులకే గాలి సరిపోతుంది. నాలుగు దాటకపోవడం మేలు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

పుటలను మూసే జల్లెడ తప్పుగా పట్టడం మనకు కొత్త కాదు. 2003 సెప్టెంబరులో, మేఘాలయకు సంబంధించిన ఒక చిన్న యాహూ గుంపును మూయమని మన దేశంలో ఆదేశం వెలువడితే, ఆ ఒక్కదాన్ని విడదీయడం చేతకాక సేవాసంస్థలు యాహూ గుంపులన్నింటినీ మూసివేశాయి. మన రచ్చబండ కూడా ఆ యాహూ గుంపులలోనిదే. 2006 జూలై మనలో చాలామందికి కళ్ళకు కట్టినట్లు జ్ఞాపకం ఉండాలి. ముంబై రైళ్ళలో పేలుళ్ళు జరిగిన వారంలోనే టెలికాం శాఖ కొన్ని పుటలను, అన్నీ కలిపి ఇరవైకి లోపే, మూయమన్నది. సేవాసంస్థలు బ్లాగ్‌స్పాట్, టైప్‌ప్యాడ్, జియోసిటీస్ మొత్తాన్ని మూసి కూర్చున్నాయి. కూడలిలో శీర్షిక కనిపిస్తుంది, మీట నొక్కితే పుట రాదు. లేఖినిలో టైపు చేసినది ప్రచురించవచ్చు, ప్రచురించినది మనమే చదువుకోలేము. వ్రాసేవారు వేలల్లో కాదు, పదుల్లో ఉన్న రోజులవి. ఆ పదుల గూళ్ళకూ తాళం పడింది. ఆ ఇరవై పుటలలో తెలుగువి ఉన్నాయా లేవా అని తాళం వేసినవాడు చూడలేదు. చూసే శక్తి అతని జల్లెడకు లేదు. వేల గూళ్ళు ఒకే చిరునామా కింద ఉంటే, చిరునామా చూసి మూసే యంత్రం వేల గూళ్ళనూ మూస్తుంది.

ఆనాడు దేశమంతా చేసిన పనిని ఇప్పుడు ప్రతి కళాశాలా, ప్రతి హాస్టలూ, ప్రతి ఆఫీసూ సొంతంగా చేసుకుంటున్నది. తేడా అంతే. 2006లో గోల చేస్తే కొన్ని రోజులలో తెరిచారు. ఇప్పుడు గోల చేయడానికి ఒక్క చోటంటూ లేదు.

మాటలను బట్టి పట్టే జల్లెడ ఇంకా విడ్డూరం. 1996లో ఏఓఎల్ సంస్థ, ఇంగ్లండులోని స్కంథార్ప్ ఊరివారిని, ఆ ఊరి పేరు అక్షరాల మధ్య ఒక బూతుమాట దాగి ఉన్నదని, ఖాతాలు తెరవనివ్వలేదు. అది ఇంగ్లీషు గతి. తెలుగు గతి వేరు. జాలచిరునామాలో తెలుగు అక్షరం ఒక్కొక్కటీ మూడు బైట్లు, ఒక్కొక్క బైటూ శాతం గుర్తుతో కలిపి మూడేసి గుర్తులు. "తెలుగు" అన్న మాటలో ఆరు సంకేతాలున్నాయి. అది 54 గుర్తుల తోకగా మారుతుంది. ఆ తోకలో జల్లెడ ఏమి చదువుతుంది? ఆ కళాశాల పెట్టెలోని నిషిద్ధపదాల గడిలో తెలుగు అక్షరం వేసి చూశాను. స్వీకరించలేదు. అంటే ఆ జల్లెడకు తెలుగు బూతు పట్టుబడదు, తెలుగు భాగవతం పట్టుబడదు. రెండింటినీ కలిపి "వ్యక్తిగత పుటలు" అనే గోనెసంచిలో వేసి మూతి కట్టింది. పైగా ఇప్పుడు పుటలన్నీ దాదాపు హెచ్‌టీటీపీఎస్ మీదనే నడుస్తున్నాయి. మధ్యలో నిలబడిన పెట్టెకు మామూలుగా కనపడేది ఇంటి పేరే, ఇంట్లో జరిగే మాటలు కావు. కనుక మాటలను వడపోస్తున్నామని అమ్మకందారు చెప్పేది సగం బూటకం. మిగిలిన సగం నిజం కావాలంటే ప్రతి విద్యార్థి ఫోనులోనూ సంస్థ తన సొంత ధ్రువపత్రం దింపి, వారి ఉత్తరాలు విప్పి చదివి మళ్ళీ అంటించి పంపాలి. దానికి పూనుకునే సంస్థలూ ఉన్నాయి. వారితో నాకు వాదన లేదు, నమస్కారం మాత్రమే.

వడపోతలే వద్దంటున్నానా? లేదు. ఆ మాట స్పష్టంగా చెప్పకపోతే రేపు వ్యాఖ్యలలో నన్ను ఉతికి ఆరేస్తారు. గదికీ గదికీ మధ్య ఉండవలసిన వడపోతే అసలైనది. ఆ కళాశాలలో లేనిది అదే. 2016లో మిరాయ్ అనే పురుగు లోకంలోని లక్షల కెమెరాలనూ రికార్డర్లనూ కేవలం కర్మాగారపు సంకేతపదాలతో వశం చేసుకున్నది. ఆ అక్టోబరు 21న డిన్ సంస్థ మీద దాడి చేయించి పెద్ద పెద్ద జాలస్థలాలనే పడగొట్టింది. 2017 మే నెలలో వాన్నాక్రై విండోస్ ఫైళ్ళు పంచుకునే 445వ ద్వారం గుండా ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఈ రెండింటిలో దేనినీ "బ్లాగులు నిషిద్ధం" అన్న పలక ఆపలేదు. పక్క గదిలోకి 445వ ద్వారం మూసి ఉంటే వాన్నాక్రై ఆ గదితో ఆగిపోయేది.

మేము ఆ పని ఒక ఆదివారం చేశాము. కెమెరా సంగతి చూపించాక పాలకవర్గం వారు వెంటనే ఒప్పుకున్నారు. ఆఫీసుకు 10, అధ్యాపకులకు 20, విద్యార్థులకు 30, అతిథులకు 40, కెమెరాలకు 50, పెట్టెల నిర్వహణకు 99. ఇవి గది సంఖ్యలు. కెమెరాలకు వైఫై పేరే లేదు, అవి తీగ మీదనే ఉంటాయి. వాటి గదిలోంచి బయటి జాలానికి దారి లేదు. రికార్డరును ఆఫీసులోని ఒక్క కంప్యూటరు మాత్రమే చూడవచ్చు. అతిథుల గదికి వ్రాసిన నియమాల వరుస ఇది: చిరునామా అడుక్కోవడానికి డీహెచ్‌సీపీ, పేర్లు వెదకడానికి గుమ్మం దగ్గరి డీఎన్ఎస్ అనుమతించు. తరువాత 10, 172.16, 192.168 తో మొదలయ్యే లోపలి చిరునామాల వరుసలన్నింటికీ అడ్డుపడు. చివరగా మిగిలినదంతా పోనివ్వు. వరుస తప్పితే అంతా తారుమారు. యంత్రం పైనుంచి కిందికి చదివి, మొదట సరిపోయిన నియమం దగ్గరే ఆగిపోతుంది. "పోనివ్వు" అన్నది పైన పెడితే కింద ఎన్ని అడ్డుగోడలు కట్టినా అలంకారమే. "అడ్డుపడు" అన్నది మరీ పైన పెడితే డీఎన్ఎస్ కూడా అందక, వైఫై కలిసింది గానీ ఏమీ రావడం లేదని అందరూ మొత్తుకుంటారు.

ఒకే గదిలోని ఫోనులు ఒకదానినొకటి తాకకుండా చేసే మీట కూడా ఆ పెట్టెలో ఉన్నది. దాన్ని కూడా వేశాము. కానీ ఆ మీట మామూలుగా ఒకే పెట్టెకు కలిసినవారి మధ్యనే పనిచేస్తుంది. మేడ మీది పెట్టెకు కలిసినవాడు కింది పెట్టెకు కలిసినవాడిని స్విచ్ గుండా తాకగలడు. అక్కడ స్విచ్‌లో వేరే కట్టడి కావాలి. ఇది చాలామంది మరచిపోతారు. అంతకంటె ఎక్కువమంది మరచిపోయేది ఐపీవీ6. మేము కూడా మరచిపోయాము. నియమాలన్నీ వ్రాసి, భుజాలు చరుచుకుని, విద్యార్థుల గదిలోంచి ఆఫీసు ప్రింటరును పాత చిరునామాతో పిలిస్తే పలకలేదు. సంతోషించాము. కొత్త పద్ధతి చిరునామాతో పిలిస్తే పలికింది! రౌటరు ప్రతి గదికీ ఐపీవీ6 వరుసలు పంచిపెట్టి కూర్చున్నది, మా నియమాలు ఐపీవీ4 కు మాత్రమే. మళ్ళీ మొదటినుంచీ రెండో వరుస వ్రాశాము.

నా తెలివితక్కువతనం కూడా చెప్పాలి. నిర్వహణ గదిని 99కి మార్చేటప్పుడు, స్విచ్‌లోని ట్రంకులో 99ని ముందుగా అనుమతించకుండా, యాక్సెస్ పాయింట్లో మీట నొక్కేశాను. పెట్టె మాయమైంది. దానితో మాట్లాడే దారే లేదు. గ్రంథాలయం కప్పుకు అతికించిన పెట్టె అది. వాచ్‌మన్ నిచ్చెన పట్టుకుంటే, ఆ వయసులో ఎక్కి, గుండుసూదితో రీసెట్ రంధ్రంలో పది సెకన్లు పొడిచి నిలబడ్డాను. కింద ఆ కుర్రవాడు నవ్వు ఆపుకోవడానికి చాలా శ్రమపడ్డాడు. ముందు స్విచ్, తరువాత పెట్టె. చీటీ లేకుండా వచ్చే ప్యాకెట్లు పడే డిఫాల్టు గదిని ట్రంకుల మీద 1గా వదలకుండా, ఎవరూ వాడని సంఖ్య ఒకటి ఇవ్వండి. లేకపోతే రెండు చీటీలు అంటించిన ప్యాకెట్‌తో గోడ దూకే దొంగతనం ఒకటి ఉన్నది.

మరునాడు తెలుగు శాఖ ఆచార్యులవారి నుంచి ఫిర్యాదు: "ప్రింటరు కనపడటం లేదయ్యా, ఏం చేశారు?" యంత్రాలు ఒకదానినొకటి పేరుపెట్టి పిలుచుకునే కేకలు గది దాటవని చెప్పాను కదా, దాని ఫలం ఇది. 20వ గది నుంచి ఆ ఒక్క ప్రింటరు చిరునామాకు, ముద్రణకు వాడే ద్వారాలకు మాత్రమే దారి ఇచ్చాము. విభజనకు ఇలాంటి ఖర్చు ఉన్నది, దాచను. ఒకరిద్దరు కోపగిస్తారు, ఎవరో ఒకరు కూర్చుని సర్దాలి. జల్లెడ కొనుక్కుంటే ఆ బాధ లేదు. ఎర్రతెర చూసినవారు నోరు మూసుకుని వెళ్ళిపోతారు. అందుకే జల్లెడ అమ్ముడుపోతుంది.

ఇక ఎదుటివారి వాదనలు. "బ్యాండ్‌విడ్త్ చాలదండీ, అందరూ వీడియోలు చూస్తారు" అంటారు. నిజమే. దానికి మందు గదికింత, మనిషికింత అని వేగానికి హద్దు పెట్టడం. ఆ మీట కూడా అదే పెట్టెలో అదే పుటలో ఉన్నది. హద్దు లోపల అతను పాఠమే చూస్తాడో పాటే చూస్తాడో అతని ఇష్టం. అక్షరాలు తప్ప మరేమీ లేని తెలుగు పుటలను బ్యాండ్‌విడ్త్ పేరు చెప్పి మూయడం, కరువని చెప్పి చీమల పుట్టకు కంచె వేయడం వంటిది.

"ప్యాంటు జేబులో ఫోను పెట్టుకుని ఎవడు ఏం చేస్తాడో, రేపు పోలీసులు వస్తే?" అంటారు. ఈ భయానికి ఆధారం ఉన్నది. 2008 జూలైలో అహ్మదాబాదు పేలుళ్ళకు ముందు వచ్చిన బెదిరింపు ఉత్తరం, నవీ ముంబైలో ఒక ఇంటి కాపలా లేని వైఫై గుండా పోయింది. ఆ ఇంటివారు నానా బాధా పడ్డారు. ఆ మరుసటి ఏడాది టెలికాం శాఖ వైఫై వాడేవారిని గుర్తించే ఏర్పాటు ఉండాలని సేవాసంస్థలకు చెప్పింది. ఎవరు కలిశారు, ఎప్పుడు కలిశారు అన్నది తెలుసుకోవడం దీనికి జవాబు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరూ సంకేతపదమూ ఇచ్చి, రేడియస్ సేవకి చేత అడిగించి, మనిషిని బట్టి గది కేటాయించే పద్ధతి ఎన్నో ఏళ్ళుగా ఉన్నది. గోడకు అంటించిన ఒకే సంకేతపదంతో, వేయి నిషిద్ధపుటలతో ఆ ప్రశ్నకు జవాబు రాదు. ఎవరు కలిశారో తెలియదు, ఎవరేమి చదవబోయారో మాత్రం ఆ పెట్టె చిట్టాలో వరుసగా ఉన్నది.

"మ్యాక్ చిరునామాలు నమోదు చేశాం, వైఫై పేరు దాచాం" అనేవారు ఇంకొందరు. మ్యాక్ చిరునామా గాలిలో బాహాటంగా పోతుంది, విన్నవాడెవడైనా అది తనదిగా పెట్టుకోవచ్చు. పైగా 2019 నాటి ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి ఫోనులే ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క దొంగ చిరునామా చెబుతున్నాయి. పేరు దాచితే, కలవడానికి వచ్చే ఫోనే ఆ పేరు పెట్టి గాలిలో పిలుస్తుంది. ముసుగు వేసుకున్న మనిషిని ఊరంతా పేరు పెట్టి పిలుస్తున్నట్లు.

"పిల్లల్ని చెడిపోనివ్వమంటారా?" అన్నది చివరి వాదన, అన్నింటికంటె గట్టిగా వినపడేది. బడిపిల్లల సంగతి వేరు, అక్కడ నేను తలవంచుతాను. అమెరికాలో గ్రంథాలయాలకు ఫెడరల్ సహాయం కావాలంటే జల్లెడ పెట్టాలని 2000లో చట్టం తెచ్చారు. 2003లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కానీ వయసు వచ్చినవారు అడిగితే జల్లెడ తీసివేయవచ్చునన్న వెసులుబాటు ఆ సమర్థనలో ముఖ్యభాగం. మన కళాశాలలో ఆ అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. ఓటు వేస్తుంది. ఆమె అడిగితే తెరిచేవారు లేరు. అడగడానికి ఒక కాగితం నమూనా కూడా లేదు.

1935లో పాతూరి నాగభూషణం గారు పడవ నిండా పుస్తకాలు పెట్టుకుని, కృష్ణా డెల్టా కాలువ వెంట ఊరూరికీ గ్రంథాలయాన్నే తీసుకుపోయారు. అలాంటి ఉద్యమం నడిచిన నేల మీద, పుస్తకం దానంతట అది గాలిలో నడిచి వస్తూంటే గుమ్మంలో ఆపే పెట్టెకు ఏటేటా లైసెన్సు రుసుము కడుతున్నాము.

వీలాన్లు పెట్టిన తరువాత, ఇక జల్లెడ సంగతి చూడమని పాలకవర్గాన్ని అడిగాను. ఆ "వ్యక్తిగత పుటలు" అనే వర్గాన్ని ఎవరు ఎంపిక చేశారని విచారించారు. ఎవరూ చేయలేదు. పెట్టె అమ్మినవాడు బిగించేటప్పుడే ఆ గడిలో టిక్కు ఉన్నది, అతని ముందుగా తయారైన నమూనాలోనే. తీసివేయడానికి ఎంతసేపు పడుతుందని ఒక పెద్దమనిషి అడిగారు. నాలుగు సెకన్లు అన్నాను. అయితే అది విధానపరమైన నిర్ణయమనీ, ఉపసంఘం వేయాలనీ అన్నారు. కెమెరాలకు ఉపసంఘం అక్కరలేకపోయింది, వ్యాసాలకు కావలసి వచ్చింది.

ఉపసంఘం ఇంకా కూర్చోలేదు. హాస్టలు వసారా మాత్రం ఇప్పుడు ఆఫీసు గదిలోని ఒక్క తెర మీదనే కనిపిస్తున్నది, సంకేతపదం కూడా మార్చారు. ఆ అమ్మాయి మొన్న మళ్ళీ వ్రాసింది. తన లఘు సిద్ధాంతవ్యాసం ఇచ్చేసిందట. కావలసిన పుటలన్నీ గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని, సొంత ఫోను డేటాతో చదువుకున్నదట.